కుళాయిలో అక్క చెయ్యి

వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను మిషనక్క అనేవారు. పొద్దస్తమానం కిటికీ పక్కన కుట్టు మిషను తొక్కుతూ కనిపించేది మరి. తల్లి పోయాక ఆమెను కడుపులో పెట్టుకుని పెంచింది అక్క. పెళ్ళి మాటెత్తితే చాలు, "నన్ను వదిలించుకుందామనే!" అని మిషనక్క అక్కతో తగువేసుకుని, చివరికి అక్క ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ అక్క ఒకరోజు స్నానాల గదిలో కుళాయి కింద పడి కనిపించింది. బకెట్టు నిండి పొర్లుతోంది. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. వయసు మీదపడిన మనిషి కదా, ఎవరూ మరో మాట అడగలేదు.

చుట్టాలంతా వెళ్ళిపోయాక, చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పిన మిషనక్క గతుక్కుమంది. వేళ్ళ చివర జిల్లుమంది. చీమలు పాకినట్టు ఆ జలదరింపు మోచేతిదాకా వచ్చింది. చిన్నప్పుడు బారెడు పొద్దెక్కినా లేవకపోతే అక్క అచ్చం అలాగే చేతిమీద వేళ్ళాడించి లేపేది.

"అక్కా," అంది. "నువ్వేనా?"

కుళాయి మళ్ళీ జిల్లుమంది.

రెండు మూడు రోజులు భయపడింది. తర్వాత ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. అక్క ఎప్పుడు పడితే అప్పుడు రాదు. పై వాటా వాళ్ళ స్నానాల వేళకే వస్తుంది. చెప్పులతో వెళ్తే ముభావంగా ఉంటుంది. వట్టికాళ్ళతో తడినేల మీద నిలబడితే గట్టిగా పట్టుకుంటుంది. అందుకని మిషనక్క చెప్పులు గుమ్మం బయటే విడిచి, చేతులు తడుపుకుని మరీ వెళ్ళి కబుర్లు చెప్పేది. ఎవరి జాకెట్టు బిగుతైందో, ఎవరు వంక పెట్టారో, అన్నీను. పట్టు రోజురోజుకీ బిగుస్తోంది. ఒకసారి వేళ్ళు ఊడిరాలేదు. "అబ్బ, వదులు. మిషను మీద గుడ్డ అలాగే ఉంది," అని నవ్వుతూ చెయ్యి లాక్కుంది.

అక్క కూతురు చూడ్డానికి వచ్చింది. మిషనక్క ఇక మనసులో దాచుకోలేకపోయింది.

"మీ అమ్మ నీకోసం కాచుకుని ఉందే. రా!"

ఆ పిల్ల వేలికొస కుళాయికి తగిలిందో లేదో, కెవ్వుమని వెనక్కి గెంతి గోడకు కొట్టుకుంది.

"పిన్నీ! అమ్మేంటి? షాక్ కొడుతోంది!"

"గట్టిగా అరవకు. అక్క బాధపడుతుంది."

పిన్ని ముఖంలో వెలిగిపోతున్న సంతోషం చూసి అక్క కూతురికి ఒళ్ళు గగుర్పొడిచింది. వెంటనే వెళ్ళి ఎలక్ట్రీషియన్ను వెంటబెట్టుకొచ్చింది.

అతను పై వాటాకి వెళ్ళి చూసి దిగివచ్చాడు. "పైవాళ్ళ గీజరు లోపల పాడైందండీ. దానికి ఎర్త్ వైరే లేదు. కరెంటు పైపుల్లోకి దిగుతోంది. ఇదివరకు ఇనప పైపు నేలలోకి వెళ్ళేది కాబట్టి కరెంటూ నేలలోకే పోయేది. ఇప్పుడు వీధంతా ప్లాస్టిక్ పైపులు వేశారు కదా, ఇంక దానికి దారి లేదు. తడిచేత్తో ఎవరు పట్టుకుంటే వాళ్ళే దారి."

"ఆ పైపులు ఎప్పుడు వేశారు?" అంది అక్క కూతురు.

మిషనక్కకు గుర్తుకొచ్చింది. అక్క పోయే ముందే. అక్కాచెల్లెళ్ళిద్దరూ గుమ్మంలో నిలబడి ఆ తవ్వకం చూశారు. అక్కను పట్టుకున్నదే తననూ పట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ దానితోనా తను ఊసులాడింది!

గీజరు మార్చారు. ఎలక్ట్రీషియన్ పెరట్లో రాడ్డు దిగ్గొట్టి, గీజరుకూ పైపులన్నిటికీ బిగింపులు వేసి, ఆకుపచ్చ వైరుతో ఆ రాడ్డుకు కలిపాడు. కరెంటు లీకైతే తనంతట తనే ఆగిపోయే స్విచ్చూ పెట్టాడు. ఆ తర్వాత కుళాయి చల్లగా, ఊరికే ఉండిపోయింది. అయినా మిషనక్క చాలా రోజులు పెరట్లోనే స్నానం చేసింది.

మరి మిగతా ఇళ్ళ మాటేమిటని ఆమెకు తోచింది. ఎలక్ట్రీషియన్ను తీసుకుని ఒక్కో గడపా ఎక్కింది. మూలింట్లో కుళాయికి టెస్టరు ఆనించగానే ఎర్రగా వెలిగింది. భార్య పోయాక, గడియారాలు బాగుచేసే ముసలాయన ఒక్కడే ఉంటాడక్కడ. గబగబా వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"దాని జోలికి రాకమ్మా. మా ఆవిడ అది."

మిషనక్క ఆయన వేళ్ళకేసి చూసింది.

"గట్టిగా పట్టుకుంటోందా, బాబాయ్?"

"ఈమధ్య వదలనంటోంది," అన్నాడాయన మురిసిపోతూ.

ఆమె వెళ్ళి మెయిన్ కట్టేసి, పని పూర్తయ్యేదాకా ఆ స్విచ్చు దగ్గరే నిలబడింది. ముసలాయన గోడవైపు తిరిగి కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పటినుంచి ఆమె ఎదురైతే ముఖం తిప్పుకుంటాడు.

మిషనక్క మాత్రం రోజూ ఆ ఇంటి ముందు కాసేపు ఆగుతుంది. లోపల దగ్గు వినిపించాకే అడుగు ముందుకేస్తుంది.