అక్క ఇంట్లో బేరం

కథల బాబాయి అన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు. పోయినవాళ్ల ఇళ్లలో సామాను టోకున కొని, ఒక్కోదానికి ఒక్కో చరిత్ర అంటగట్టి అమ్మేవాడు. కాలు విరిగిన కుర్చీ ఆయన కొట్లోకి రాగానే ఎవరో జడ్జిగారిది అయిపోయేది. బీటలు వారిన అద్దంలో ఒకప్పుడు పేరుమోసిన నాటకాల నటి ముస్తాబయ్యేది. ఆయన వ్యాను తోలుతూ ఆ కోతలన్నీ విన్నాను. కొనేవాళ్లు మాత్రం నోళ్లు వెళ్లబెట్టుకుని వినేవాళ్లు.

అమ్మేటప్పుడు ఎంత పొగిడేవాడో కొనేటప్పుడు అంత తీసిపారేసేవాడు. మనసు పడ్డ వస్తువు వంక కన్నెత్తి చూసేవాడు కాదు. "చెత్త, దీన్నెవడు కొంటాడు?" అని కాలితో పనికిరాని కుప్పలోకి నెట్టేవాడు. చివర్లో, "పోనీ ఈ చెత్త కూడా నేనే పట్టుకుపోతాలెండి" అని, ఏదో ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టి వ్యానెక్కించేవాడు. ఏడుస్తున్న ఇంట్లో ఈ నాటకం చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

ఆ మధ్య ఆయన అక్క పోయింది. ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఇల్లు ఖాళీ చేయాలి రమ్మని మేనకోడలు కబురు పెట్టింది. దారిలో బాబాయి ఉన్నట్టుండి నోరు విప్పాడు.

"మా అమ్మ కుట్టుపెట్టె ఆ ఇంట్లోనే ఉండాలిరా. చిన్నప్పుడు దాని మూత మీద వేడి ఇస్త్రీపెట్టె పెట్టి మాడ్చింది నేను. దెబ్బలు తిన్నది అక్క. తనే చేశానని చెప్పింది, పిచ్చిది. నాకు అదొక్కటి చాలు."

ఆయన నోట నేను విన్న నిజమైన చరిత్ర అదొక్కటే.

పెట్టె మంచం కింద దొరికింది. లోపల సూదీ లేదు, దారమూ లేదు. మూత మీద మాడిన మచ్చ మాత్రం అలాగే ఉంది. బాబాయి ఆ మచ్చను వేలితో నిమిరాడు. అంతలో మేనకోడలు గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటి మామయ్యా అది?"

అడిగితే బెట్టు చేస్తుందని భయపడ్డాడో, అలవాటు కొద్దీ నోరు జారాడో!

"చెత్తమ్మా. చెదలు పట్టేసింది," అంటూ తీసుకెళ్లి వాకిట్లో కుప్ప మీద పడేశాడు.

మేమిద్దరం లోపల బీరువాతో కుస్తీ పడుతుండగా చెత్తబండి వచ్చింది. బయటికొచ్చేసరికి కుప్ప లేదు, వాకిలి శుభ్రంగా ఊడ్చి ఉంది. బాబాయి చెప్పులైనా వేసుకోకుండా వీధి చివరిదాకా పరిగెత్తాడు. బండి ఎప్పుడో వెళ్లిపోయింది. రొప్పుతూ తిరిగొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. నాకు జాలి కంటే ముందు కోపమే వచ్చింది. సొంత అక్క ఇంట్లో కూడా బేరమేనా?

"ఆ పెట్టె మా అమ్మది తల్లీ," అన్నాడు.

మేనకోడలు చేతిలోని చీపురు పక్కన పెట్టింది.

"అమ్మ పోయేముందు చెప్పింది మామయ్యా, అమ్మమ్మ పెట్టె మీకిచ్చెయ్యమని. ఇన్ని పెట్టెల్లో అదేదో నాకు తెలీలేదు. మీరైతే చూడగానే గుర్తుపడతారనే కదా పిలిపించాను."