ఆసుపత్రి జీపులో వచ్చిన తనిఖీ

జంషెడ్‌పూర్‌లో మా బస్తీ ప్రభుత్వ ఆసుపత్రివాళ్ళు మందులు బయట అమ్ముకుంటున్నారని ఫిర్యాదు రాశాను. సాక్ష్యం చెబుతానన్నది పక్కింటి పిన్ని ఒక్కతే. షుగరు మాత్రల కోసం వెళ్ళి ఎన్నోసార్లు వట్టి చేతులతో తిరిగొచ్చింది.

రాంచీ నుంచి వచ్చిన తనిఖీ అధికారి ఆసుపత్రి జీపులోంచే, పెద్ద డాక్టరు పక్కనుంచి దిగాడు. స్టేషన్‌ నుంచి తీసుకురావడం, భోజనం పెట్టడం ఆసుపత్రివాళ్ళ పనేనట, అదే ఆనవాయితీ.

పిన్ని నా చెయ్యి పట్టుకుంది. “ఏటి బాబూ, ఆళ్ళ బండిలో వచ్చినోడు మన మాట ఇంటాడేటి?”

ఆమెను విచారణ గదిలోకి తీసుకెళ్ళాను.

లోపల డాక్టరు కదలకుండా కూర్చున్నాడు. “ఈయన ఎదుటే అడిగితే అది తనిఖీ అవుతుందా?” అన్నాను. అధికారి నవ్వి, మందులు దొరుకుతున్నాయా అని పిన్నిని హిందీలో అడిగాడు.

ఆమె డాక్టరు వైపు చూసింది. “మిల్తా హై, సాబ్,” దొరుకుతున్నాయనే చెప్పింది.

బయటికొచ్చాక నా మొహం చూడలేదు. “రేపు మళ్ళీ ఆళ్ళ కాడికే గదా బాబూ ఎళ్ళాల,” అంది.