ఇరవై తొమ్మిదేళ్ల నిల్

ఆ మనిషి మొదటి రోజే నిల్ గారికి నచ్చలేదు. కారు తెచ్చి ఆయన స్కూటర్ పెట్టుకునే నీడలో ఆపింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ నీడ ఆయనదని సబ్‌స్టేషన్లో గేటు కాపలావాడి దగ్గర్నుంచి కుక్క దాకా అందరికీ తెలుసు. పైగా దిగీ దిగగానే, "ఇక్కడ ఆపరేటర్ ఎవరండీ?" అని ఆయన్నే అడిగింది. ఒంటి మీద యూనిఫామ్, చేతిలో తాళాల గుత్తి, కనుచూపు మేరలో ఇంకో మనిషి లేడు. మరి ఎవరనుకుందో!

"నేనే. ముందు కారు తియ్యండి," అన్నాడు.

ఆమె తియ్యలేదు. పరిశోధన సంస్థ నుంచి వచ్చానంది. వరద వచ్చినా, గాలివాన వచ్చినా, ఎండలకు తీగలు సాగి వేలాడినా ఆ ప్రాంతంలో కరెంటు ఎక్కడ ఆగుతుంది, ఆగితే బదులు కరెంటుకి ఆసరా ఎక్కడ పెట్టాలి, ఇదీ రెండేళ్లుగా ఆమె తేలుస్తున్న సంగతి. ఇరవై నాలుగు సబ్‌స్టేషన్లు తిరగాలి. పాత రిజిస్టర్లు కావాలి. ఎన్నేళ్లవి ఉంటే అన్నీ.

ఇక్కడ మాత్రం నిల్ గారు కాస్త మెత్తబడ్డాడు. మిగతా స్టేషన్లలో పాత రిజిస్టర్లు ఎలకలు కొట్టేసి ఉంటాయి, లేదా టీ గ్లాసుల కింద నానిపోయి ఉంటాయి. ఈయన దగ్గర ఇరవై తొమ్మిదేళ్లవీ బీరువాలో ఏడాది వారీగా అట్టలు వేసి ఉన్నాయి. ఒక్క పేజీ చిరగలేదు, ఒక్క కొట్టివేత లేదు. అక్షరాలు ముత్యాలు. ఆమె మూడు రోజులు కూర్చుని ఒక్కో పేజీకీ ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంది. ఈయన మూడు రోజులూ ఎదురుగా కుర్చీ వేసుకుని, పేజీ మడత పడుతుందేమోనని గుడ్లురుముతూ కూర్చున్నాడు. ఆమెకు ల్యాప్‌టాపమ్మ అని పేరు కూడా అప్పుడే పెట్టాడు.

ఇక ఆయనకున్న పేరు సంగతి. ప్రతి షిఫ్టు పేజీలోనూ చివర ఒక గడి ఉంటుంది. యార్డులో నీరు ఎంత చేరింది అని. ఇరవై తొమ్మిదేళ్లూ ఆ గడిలో ఉన్నది ఒకే మాట: నిల్, అంటే ఏమీ లేదని. అలా ఆయన నిల్ గారయ్యాడు. మొహం మీద ఎవరూ అనరు. ఆయనకు ముక్కు మీదే కోపం.

ఆయన మంచివాడని చెప్పడానికి ఈ కథ మొదలుపెట్టలేదు. మాట కటువు, మనసు ఇరుకు, తన తప్పు ఒప్పుకోవడం పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ లేదు. అయితే ఆ గడిలో మొదటి అబద్ధపు నిల్ ఆయన బుర్రలో పుట్టింది కాదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఏరు పొంగింది. పక్క స్టేషన్ ఆపరేటర్ అమాయకంగా "రెండడుగుల నీరు" అని రాశాడు. అంతే, విచారణ. కాలవ తలుపు ఎందుకు వేయలేదు? ఇసక బస్తాలు ఎందుకు పేర్చలేదు? పైకి ఎందుకు చెప్పలేదు? ఆ తలుపు తుప్పు పట్టి అయిదేళ్లయిందని అతను చెప్పినా విన్నవాడు లేడు. రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి మతిపోయినవాడిలా అయ్యాడు. అదే వరదలో ఈ స్టేషన్లోనూ మోకాటి దాకా నీళ్లున్నాయి. అప్పటి సెక్షన్ ఆఫీసరు గట్టు మీద నిలబడి, ప్యాంటు తడవకుండా, ఒకే ముక్క చెప్పాడు: "నిల్ అని రాసెయ్యి. నిల్‌ని ఎవరూ ప్రశ్నలడగరు."

నిజమే, ఎవరూ అడగలేదు. తర్వాత ఇంకో రెండుసార్లు నీళ్లొచ్చాయి. ఎత్తిపోశారు, ఆరబెట్టారు, మీటర్లుండే ఇనప ప్యానెళ్లకు రంగు వేశారు, కరెంటు పోయినందుకు "లైను లోపం" అని రాశారు. ఆ సెక్షన్ ఆఫీసరు ఎదిగి ఎదిగి డివిజన్ ఇంజనీరు అయ్యాడు. ఈయన ఆపరేటర్‌గానే ఉన్నాడు, అక్షరాలు మాత్రం ఇంకా గుండ్రంగా తిరిగాయి.

నాలుగు నెలలకు ముసాయిదా ప్రణాళిక వచ్చింది. దాంతో పాటు ఒక రంగుల పటం. నీటి ముప్పున్న స్టేషన్లకు ఎరుపు, అనుమానం ఉన్నవాటికి పసుపు. ఈయన స్టేషన్ ఒక్కటే, ముప్పు లేదని, ఆకుపచ్చగా మెరిసిపోతోంది. కింద వివరం ఉంది: ఇరవై తొమ్మిదేళ్లలో నీరు చేరిన దాఖలా లేనందున, ఆసుపత్రికీ నీళ్ల పంపులకీ ఆపత్కాలంలో కరెంటు ఇచ్చే బ్యాటరీల కేంద్రాన్ని ఈ యార్డులోనే, ఉత్తరం మూల కట్టాలి.

ఉత్తరం మూల! నీళ్లు ముందు దూరేదే ఆ మూలనుంచి. ల్యాప్‌టాపమ్మ ఎంత తెలివితక్కువదో చూడండని నిల్ గారు పడీ పడీ నవ్వాడు. ఆ కాగితం ఇంటికి తెచ్చి అక్కకి చూపించాడు.

అక్క ఆయనకంటే పదకొండేళ్లు పెద్ద. తల్లి పోయాక పెంచింది తనే కాబట్టి ఎంత మాటైనా అంటుంది. రెండేళ్లుగా ఊపిరితిత్తులు పాడై మంచం పక్కన ఆక్సిజన్ మిషను పెట్టుకుంది. దాని గొట్టం ముక్కుకు ఉన్నా నోటికి మాత్రం అడ్డం లేదు. ఇల్లు ఆసుపత్రి వెనక సందులో. ఆసుపత్రికి వచ్చే లైనే ఇంటికీ.

కాగితం చదివి కళ్లద్దాలు తీసింది. "నవ్వుతున్నావేంట్రా?"

"నవ్వక! కోట్లు పెట్టి నీళ్లలో బ్యాటరీలు పెడుతుందట."

"ఆవిడ పెట్టడం లేదు. నువ్వు పెట్టిస్తున్నావు."

"నేనేం చేశాను?"

"మూడుసార్లు నీ ప్యాంటు ఉతికింది నేను. తొడల దాకా బురద. అప్పుడు అడిగితే ఏం చెప్పావు? కాలవలో జారిపడ్డానన్నావు. మూడుసార్లూ అదే కాలవ, అదే జారడం!" అని ఊపిరి కోసం ఆగింది. "నీ అక్షరాలు ముత్యాలే. రాసిందంతా అబద్ధం. మళ్లీ నీళ్లొస్తే అసలు లైనూ పోతుంది, ఆసరా అని కట్టిందీ పోతుంది. అప్పుడు ఈ మిషను నువ్వు నోటితో ఊదుతావా?"

"నాకు ఇంకా పది నెలలే సర్వీసు ఉందక్కా. ఇప్పుడు నోరు విప్పితే కొరివితో తల గోక్కున్నట్టే."

"నీకు పది నెలలున్నాయి. కరెంటు పోతే నాకు పదిహేను నిమిషాలే ఉన్నాయి. ఎవరిది ముందు చూస్తావో చూసుకో."

నిల్ గారు అన్నం తినకుండా లేచాడు. అక్క మీద ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పినవాళ్ల మీద మండినంతగా మనిషికి ఇంకెవరి మీదా మండదు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆక్సిజన్ మిషనుకు తగిలించే నీళ్ల సీసా మాత్రం రోజూ కడిగి, నింపి పెట్టాడు.

ప్రణాళిక మీద అభ్యంతరాలుంటే చెప్పమని డివిజన్ ఆఫీసు పై అంతస్తు హాల్లో ఉదయం సమావేశం పెట్టారు. ఇరవై నాలుగు స్టేషన్ల ఆపరేటర్లూ వచ్చారు. తెర మీద పటం పడింది. మధ్యలో ఆకుపచ్చగా నిల్ గారి స్టేషన్. "రికార్డులు ఎలా రాయాలో ఈయన్ని చూసి నేర్చుకోవాలి," అంది ల్యాప్‌టాపమ్మ, మొదటిసారి ఆయనవైపు నవ్వుతూ. డివిజన్ ఇంజనీరు చప్పట్లు కొట్టించాడు.

ఆ చప్పట్లే ఆయన్ని లేపాయి. మెచ్చుకుంటే పొంగే మనిషే, కానీ ఈ మెప్పు చెంపదెబ్బలా తగిలింది.

"ఆ ఉత్తరం మూల నీళ్లొస్తాయి," అన్నాడు.

"రిజిస్టర్లో లేదు కదండీ," అంది ఆమె.

"రిజిస్టరు రాసింది నేను. అబద్ధం రాశాను. మూడుసార్లు వచ్చాయి."

హాలంతా తేలు కుట్టిన దొంగలా అయిపోయింది. మిగతా ఇరవై ముగ్గురూ బల్ల మీద లేని మరకలు చూసుకుంటున్నారు. డివిజన్ ఇంజనీరు మొహం ఎర్రబడింది. "ఏమయ్యా, ఒంట్లో బాగుందా? నీకు అబద్ధం రాయమని ఎవరు చెప్పారు?"

"మీరేగా సార్. గట్టు మీద నిలబడి. నీలం చొక్కా వేసుకున్నారు ఆ రోజు."

"ఆధారం ఉందా?"

చొక్కాకి ఆధారం లేదు. నీళ్లకి ఉంది. మర్నాడు ఆయనా, ఆమే, డివిజన్ ఇంజనీరూ ముగ్గురూ స్టేషన్‌కి వెళ్లారు. నిల్ గారు కంట్రోల్ రూములో చివరి ప్యానెల్ వెనక్కి తీసుకెళ్లి టార్చి చేతికిచ్చాడు. "ముందువైపే రంగులు వేయిస్తాం మేడమ్. వెనకవైపు ఎవరు చూస్తారని వదిలేస్తాం."

ఆమె కేబుళ్ల గోతిలోకి దిగి, మోకాళ్ల మీద పాకి, టేపు పెట్టింది. ఇనప రేకు మీద ఎండిన బురద చారలు మూడు. నలభై ఒకటి, అరవై మూడు, ఎనభై ఎనిమిది సెంటీమీటర్లు. పైకొచ్చేసరికి జుట్టు నిండా సాలెగూడు. కళ్లలో కృతజ్ఞత మాత్రం మచ్చుకైనా లేదు.

"మీ రిజిస్టర్లు శుభ్రంగా ఉన్నాయని వాటినే కొలబద్దగా పెట్టుకుని మిగతా స్టేషన్లన్నీ లెక్క కట్టాను. ఇప్పుడు అన్నీ తప్పే. రెండేళ్ల పని. సిగ్గుగా లేదూ మీకు?" అంది.

"ఉంది. మరి మీకు? రెండేళ్లలో ఒక్కసారైనా, ఇక్కడ నీళ్లొచ్చేవా అని నోరు తెరిచి నన్నడిగారా? కాగితాలకి ఫోటోలు తీసుకుని పోయారు."

ఆమె కారు ఎక్కి, నీడలోంచి దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. న్యాయంగా చూస్తే ఇద్దరి కోపమూ సరైనదే. అనుభవించింది మాత్రం ఒక్కడు.

బ్యాటరీల కేంద్రం ఆ యార్డు నుంచి తప్పించారు. పంపుల ఇంటి వెనక మిట్ట మీదికి మార్చారు. నిల్ గారిని తప్పుడు రికార్డులు రాసినందుకు సస్పెండ్ చేశారు. ఆ ఉత్తర్వు మీద సంతకం డివిజన్ ఇంజనీరుదే. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, పంచే గిన్నె పెద్దవాళ్ల చేతిలో ఉంటే పిడికిళ్లన్నీ ఒకడికే వస్తాయి. ఉత్తర్వు నకళ్లు ఇరవై నాలుగు స్టేషన్లలోనూ నోటీసు బోర్డుల మీద అంటించారు, అందరూ చూసి బుద్ధి తెచ్చుకోవాలని.

అందరూ చూశారు. బుద్ధి తెచ్చుకున్నారు.

నెల తిరక్కుండా ఒక సాయంత్రం ల్యాప్‌టాపమ్మ ఇంటికొచ్చింది. ఈసారి కారు సందు మొదట్లోనే ఆపి నడిచొచ్చింది. చేతిలో కాగితాల కట్ట. కూర్చోమని నిల్ గారు అనలేదు. అక్కే మంచం మీంచి, "కూర్చో అమ్మా, వాడికి మర్యాద నేర్పడం నాకు కుదర్లేదు," అంది.

"మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టానండీ," అంది ఆమె, స్టూలు అంచున కూర్చుని. "ఈసారి అడిగాను. ప్రతి స్టేషన్‌కీ ఫారం పంపాను. మీ యార్డులో ఎప్పుడైనా నీళ్లొచ్చాయా, దయచేసి నిజం రాయండి అని." కట్ట ఆయన ముందు పడేసింది. "వీటిలో నిజం ఏది?"

నిల్ గారు ఒక్కొక్కటే తిరగేశాడు. నీలం సిరా, నల్ల సిరా, వంకర రాత, గొలుసు రాత. నిల్. నిల్. నిల్.

"నోటీసు ముందు అంటించారా, మీ ఫారం ముందు వచ్చిందా?"

"నోటీసే ముందు."

"అయితే వీటిలో ఏదీ కాదు. ప్యానెళ్ల వెనక్కి వెళ్లి చూసుకోండి, ఒక్కోటీ." అని కట్ట తిరిగిచ్చేయబోయి ఆగాడు. మందం ఎక్కువనిపించి లెక్కపెట్టాడు. "ఇవి ఇరవై మూడుండాలి. ఇరవై నాలుగున్నాయేంటి?"

"మీ స్టేషన్‌ది కూడా ఉంది. మీ స్థానంలో వచ్చినతను పంపాడు."

అట్టడుగున ఉంది ఆ కాగితం. నిల్ గారి కుర్చీలో కూర్చుని, ఆయన బల్ల మీద, మూడు బురద చారలకు ఆరడుగుల దూరంలో రాసిన కాగితం. ఆయన దాన్ని కట్టలోంచి విసురుగా లాగాడు. కోపంతోనే, కానీ ఎవరి మీదో ఆయనకే తెలియలేదు. ఆ కొత్తవాణ్ణి తిడదామంటే, ఇరవై ఏడేళ్ల కిందట గట్టు కింద మోకాటి లోతు నీళ్లలో నిలబడి కలం తీసిన కుర్రాడే గుర్తొచ్చాడు.

అక్క చేయి చాపి కాగితం లాక్కుంది. కళ్లద్దాలు పెట్టుకుని, దీపం కిందికి పట్టుకుని చదివింది.

"నిల్," అంది. "చేతిరాత మాత్రం నీ అంత బాగాలేదురా."