ఏకగ్రీవం ఈశ్వరరావు గారు

ఉప్మాలో జీడిపప్పు వెయ్యాలా వద్దా అన్న విషయం ఆ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి చర్చకు వచ్చి, తొమ్మిదిన్నరకు తేలింది. సింగపూర్లో హౌగాంగ్ అనే పేటలో ఏడో అంతస్తులో ఉన్న ఆ ఫ్లాట్‌లో ఏదైనా అంతే. ఈశ్వరరావు గారు ముందు తన చెయ్యి ఎత్తుతారు. తరవాత మిగిలిన ముగ్గురి వైపూ ఒక్కొక్కరినే చూస్తారు. మూడు చేతులూ లేచేదాకా స్టవ్ వెలగదు. ఏకగ్రీవం కానిదేదీ ఆ ఇంట్లో జరగదు.

ఆయనది విజయవాడలో పార్టీ కుటుంబం. పార్టీ వాళ్ల సిఫార్సుతో కుర్రతనంలో సోవియట్ దేశం వెళ్లి కంప్యూటర్లు చదివి వచ్చారు. ఆ దేశం పోయింది, ఆ కంప్యూటర్లూ పోయాయి, సమావేశాల అలవాటు మాత్రం మనిషికి మిగిలిపోయింది. సింగపూర్లో ఒక బ్యాంకులో పాత మెయిన్‌ఫ్రేమ్ మెషీన్ల మీద ఉద్యోగం. ఫ్లాట్ అద్దె కాగితం ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయనే ప్రధాన కార్యదర్శి. వరంగల్ అభిజిత్, కర్నూలు రామారావు, రాజమండ్రి భరద్వాజ్ సాధారణ సభ్యులు. ముగ్గురూ జావా ప్రోగ్రామర్లు. ఆయన్ను ఎదురుగా అంకుల్ అనీ, చాటున కామ్రేడ్ అనీ అనేవారు.

బట్టలు ఆరేసే వెదురు గెడలు కిటికీలోంచి బయటికి ఏ వరసలో పెట్టాలన్నదానికి తీర్మానం ఉంది. బాత్రూం వంతులకు పంచవర్ష ప్రణాళిక ఉంది. ఇంటి యజమాని చైనా ఆవిడ తన సామాను పెట్టుకుని తాళం వేసిన గది ఒకటుంది. దానికి కుర్రాళ్లు సైబీరియా అని పేరు పెట్టారు. తప్పు చేసినవాణ్ని అందులో పడేస్తారని అభిజిత్ కొత్తవాళ్లను భయపెట్టేవాడు.

అభిజిత్ ఒక్కసారి ధిక్కరించి చూశాడు. "అంకుల్, నాకు ఉప్మా వద్దు. నేను చెయ్యి ఎత్త."

"మంచిది. భిన్నాభిప్రాయం ఆరోగ్యకరం," అన్నారు ఈశ్వరరావు గారు. "చర్చ కొనసాగుతుంది."

చర్చ మధ్యాహ్నం దాకా కొనసాగింది. ఒంటిగంటకి అభిజిత్ రెండు చేతులూ ఎత్తాడు.

"గిదేం ప్రజాస్వామ్యం అంకుల్? ఒక్కటే పార్టీ, ఒక్కటే ఉప్మా!"

"పార్టీ ఒక్కటే అయినప్పుడు చర్చ ఇంకా ఎక్కువ జరగాలయ్యా. లేకపోతే లోపల సిద్ధాంతం చచ్చిపోయి అధికారం ఒక్కటే మిగులుతుంది. నేను అది కళ్లారా చూసొచ్చినవాణ్ని."

ఈ మాట అనేముందు ఆయన లేచి కిటికీ మూశారు. ఏడో అంతస్తు కిటికీ. బయట ఎవరూ ఉండరు, అయినా మూశారు. ఆయన దగ్గరున్న పాత ఎర్ర పుస్తకాలకు పుట్టినరోజు బహుమతులకు చుట్టే పూల కాగితం అట్టలు వేసి ఉండేవి. ఎందుకంకుల్ అంటే, "ఈ దేశంలో కమ్యూనిస్టు అన్న మాట మీద ముద్దేమీ లేదు నాయనా," అనేవారు గొంతు తగ్గించి.

ఇంత భయస్తుణ్ని చూసి భయపడడం విడ్డూరమే. కానీ భరద్వాజ్ భయపడ్డాడు. దానికి కారణం ఉంది.

అతను ఇంటర్నెట్‌లో పూలమ్మే కంపెనీలో పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం అందరినీ హాల్లోకి పిలిచి కంపెనీ మూసేస్తున్నామన్నారు. మెడలోని కార్డులు తీసి అట్టపెట్టెలో వెయ్యమన్నారు. ఉద్యోగంతో పాటు ఆ దేశంలో ఉండనిచ్చే పాస్ కూడా పోయింది. ఇచ్చిన గడువులోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదిలి వెళ్లాలి. డాట్‌కామ్‌లు వరసగా మూతపడుతున్న రోజులు. జావా వచ్చినవాళ్లు వీధికొకరున్నారు.

ఆ ఇంటి నియమావళిలో మొదటి అంశం ఫ్రిజ్ మీదే అంటించి ఉండేది: పనిచేసేవారికే సభ్యత్వం. భరద్వాజ్ నోరు మెదపలేదు. రోజూ మామూలుగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టుకుని బయల్దేరేవాడు. టోవా పాయో లైబ్రరీలో కూర్చుని దరఖాస్తులు రాసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ఆఫీసులో పని ఎక్కువగా ఉందని విసుక్కునేవాడు. ఎవరూ ఏమీ అడగలేదు. మొదట్లో అది అదృష్టమనుకున్నాడు.

తరవాత వింతలు మొదలయ్యాయి. అతను గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. రామారావు గోడకేసి చూసి ఈల వేసేవాడు. అభిజిత్ ఉన్నట్టుండి, "అన్నా, ఇంకో అప్పడం వేసుకో," అనేవాడు. అభిజిత్ అప్పడం ఇంకొకరికిచ్చిన చరిత్ర లేదు.

ఆదివారం మధ్యాహ్నం క్లాసులూ మారిపోయాయి. అంతవరకూ ఈశ్వరరావు గారు సిద్ధాంతం చెప్పేవారు, కుర్రాళ్లు కళ్లు తెరిచి నిద్రపోయేవారు. హఠాత్తుగా ఆయన మెయిన్‌ఫ్రేమ్‌లో వాడే కోబాల్ భాష చెప్పడం మొదలెట్టారు. మిగతా ఇద్దరినీ వదిలేసి ప్రశ్నలన్నీ ఒక్కడికే.

"భరద్వాజ్! లేచి నిలబడి చెప్పు. ఈ ఫైలు చదవడం ఎక్కడ ఆగుతుంది?"

"తెలీదండి."

"వచ్చే వారానికి తెలియాలి."

ఆ 'తెలియాలి'లో ఏదో ఉందనిపించి భరద్వాజ్ ఆ వారమంతా లైబ్రరీలో దరఖాస్తులు పక్కన పెట్టి కోబాల్ చదివాడు. తరవాతి వారం ఇంకా కష్టమైన ప్రశ్న వచ్చింది. నన్ను వేరు చేసి చూస్తున్నారు, అనుకున్నాడు.

ఒక శనివారం సాయంత్రం నలుగురూ తినడానికి, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్లారు. ఖాళీ బల్ల మీద ఎవరో టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్లారు. అంటే అది అక్కడివాళ్ల భాషలో చోప్ చేసిన బల్ల, ముందే పట్టేసుకున్నది, ఇంకెవరూ కూర్చోకూడదు. అందరూ ఇంకో బల్ల దగ్గర కూర్చున్నాక ఈశ్వరరావు గారు ఆ ప్యాకెట్ వైపు భక్తిగా చూశారు.

"అధికారం అంటే ఏంటో చూశారా? అందులో సిద్ధాంతం లేదు, సైన్యం లేదు. కాగితం రుమాళ్లు. అయినా ఒక్కడు కూర్చోడు. మా హాస్టల్ గోడకి నాయకుడి బొమ్మ ఉండేది. ఆ నాయకుడు పోతే కొత్తాయన బొమ్మ పెట్టేవారు. ఆయనా పోతే ఇంకొకాయన. అందరూ బొమ్మకి దణ్ణం పెట్టారు, మేకుని ఎవరూ చూడలేదు. దేశాన్ని నడిపింది ఆ మేకు నాయనా."

"బొమ్మ బాగాలేదని ఎవురూ అన్లేదా సామీ?" అన్నాడు రామారావు.

ఈశ్వరరావు గారు చుట్టూ చూశారు. పక్క బల్ల దగ్గర ఒక చైనా ముసలాయన నూడుల్స్ తింటున్నాడు. గొంతు బాగా తగ్గించారు.

"ఒకసారి హాస్టల్ మీటింగులో తీర్మానం పెట్టారు. అందరం చేతులెత్తాం. మా గదిలో ఉండే అబ్బాయి ఒక్కడే ఎత్తలేదు. తెల్లారి చూస్తే వాడి మంచం మీద పరుపు చుట్టి ఉంది."

"ఎటు పోయిండు?" అన్నాడు అభిజిత్.

"తెలీదు. ఎవరం అడగలేదు." ఆయన గిన్నె పక్కకి జరిపారు. "అప్పట్నించి నా మీటింగులో ఒక్క చెయ్యి కిందున్నా మీటింగు ముగించను."

ఆ మాటన్నాక ఆయన చూపు భరద్వాజ్ మీద ఆగింది. భరద్వాజ్‌కి చుట్టిన పరుపు కళ్ల ముందే కనిపించింది. అది తన పరుపే, నీలం గళ్ల దుప్పటితో సహా.

రెండు రోజులకి, లైబ్రరీ నుంచి మామూలుకన్నా ముందే వచ్చాడు. చెక్క తలుపు తీసే ఉంది, ఇనప గేటు వేసి ఉంది. ఊచల్లోంచి హాలు కనిపిస్తోంది. లోపల మూడు చేతులు గాల్లో ఉన్నాయి. గేటు చప్పుడు కాగానే మూడూ ఒక్కసారి కిందికి దిగాయి.

"ఏంటి మీటింగు?" అన్నాడు భరద్వాజ్ నవ్వబోతూ.

"ఏం లేదప్పా, ఫ్యాన్ ఉందో లేదో చూస్తాంటిమి," అన్నాడు రామారావు.

శనివారానికి ఫ్రిజ్ మీద కొత్త కాగితం వెలిసింది. ఆదివారం ఉదయం పది గంటలకు సమావేశం. అజెండా: భరద్వాజ్ విషయం.

ఆ రాత్రంతా అతనికి కంటిమీద కునుకు లేదు. పొద్దున్నే సూట్‌కేసులో బట్టలు సర్దేశాడు. గెంటించుకోవడం కన్నా తనే వెళ్లిపోవడం గౌరవంగా ఉంటుందనుకున్నాడు. ఊరికి అవతలి కొసన బూన్ లే అనే చోట ఒక దూరపు బంధువు గది ఉంది. పదింటికి హాల్లోకి వెళ్లేసరికి ముగ్గురూ వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్లకి ఎదురుగా అతని కోసం ఒక్క కుర్చీ వేశారు. ఈశ్వరరావు గారు కిటికీ మూశారు.

భరద్వాజ్ కూర్చోలేదు. "అంకుల్, నేనే చెప్పేస్తాను. నాకు ఉద్యోగం లేదు. రోజూ టై కట్టుకుని వెళ్లేది లైబ్రరీకి. మీ అందరికీ అబద్ధం చెప్పాను. సామాను సర్దుకున్నాను, సాయంత్రానికి వెళ్లిపోతాను."

ఈశ్వరరావు గారు చేతిలోని కాగితం కింద నుంచి పైకి ఒకసారి చూశారు.

"ఆ అంశం అజెండాలో లేదు," అన్నారు.

"అదేంటండి?"

"మీ కంపెనీ మూతపడ్డ సంగతి మర్నాడు పేపర్లోనే వచ్చింది కదయ్యా. ఫొటోతో సహా వేశారు. అట్టపెట్టెలో కార్డు వేస్తున్నది నువ్వే."

భరద్వాజ్ కుర్చీలో కూలబడ్డాడు. "అందరికీ తెలుసా?"

"మొదటిరోజే ఎరుకైంది," అన్నాడు అభిజిత్. "నేను నిన్ను అడుగుదామన్న. కామ్రేడ్... అదే, అంకుల్ వద్దన్నడు. రహస్య తీర్మానం పెట్టిండు. ఎవ్వరు అడగొద్దని. నిన్ను చూసినప్పుడల్ల నోరు మూసుకునుడు ఎంత కష్టమో తెల్సా అన్నా? నా అప్పడాలన్నీ నీకే పెట్టిన!"

"ఎందుకండీ అడగద్దన్నారు?"

ఈశ్వరరావు గారు ఇబ్బందిగా కదిలారు. "అడిగితే నువ్వు అబద్ధం చెప్పాలి. ఇంట్లో ఒకడి చేత రోజూ అబద్ధం చెప్పించడం పార్టీకి మంచిది కాదు. సరే, అది అయిపోయింది. అసలు విషయానికి వద్దాం. మా బ్యాంకులో కోబాల్ చూసే కుర్రాడు ఎక్కువ జీతమని డాట్‌కామ్‌కి వెళ్లిపోయాడు. వాడి కర్మ. ఆ ఖాళీకి రేపు ఇంటర్వ్యూ. భరద్వాజ్ హాజరు కావాలని తీర్మానం."

ఆయన చెయ్యి లేచింది. అభిజిత్ చెయ్యి లేచింది. రామారావుది అప్పటికే లేచి ఉంది.

భరద్వాజ్ చెయ్యి లేవలేదు.

"నావల్ల కాదు అంకుల్. నాకు వచ్చింది నాలుగు వారాల చదువు. అక్కడ ఫెయిలైతే పోయేది మీ పేరు. నేను ఒప్పుకోను."

"మంచిది. చర్చ కొనసాగుతుంది," అన్నారు ఈశ్వరరావు గారు. ప్రశ్నలు మొదలెట్టారు. ఫైలు ఎక్కడ ఆగుతుంది, లెక్క తప్పితే ఎక్కడ వెతకాలి, పాత ప్రోగ్రాం ముట్టుకోకుండా కొత్తది ఎలా కలపాలి. భరద్వాజ్ కోపంగానే జవాబులు చెప్పాడు. అన్నింటికీ చెప్పాడు. పదకొండయింది. పన్నెండయింది.

"ఒకవేళ రాకపోతే?" అన్నాడు చివరికి.

"దానికి మొన్ననే చేతులెత్తాం. గేటు దగ్గర చూశావుగా. గడువు ఉన్నన్నాళ్లూ నువ్వు ఇక్కడే ఉంటావు. అందులో నీ ఓటు అక్కర్లేదు. ఇందులో కావాలి."

"ఎత్తు సామీ! ఆకలైతాంది," అన్నాడు రామారావు.

చుట్టిన పరుపు కథ భరద్వాజ్‌కి అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని తప్పు వైపు నుంచి విన్నాడు. ఈ మనిషి అందరి చేతులూ లేచేదాకా ఆగేది ఎవర్నీ లొంగదీసుకోవడానికి కాదు. ఏ మీటింగు తరవాతా ఒక్కడు ఒంటరిగా మిగలకూడదని. చెయ్యి ఎత్తాడు.

"ఏకగ్రీవం," అన్నారు ఈశ్వరరావు గారు. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. వెళ్లి కిటికీ తీశారు.

ఇంటర్వ్యూ రాఫెల్స్ ప్లేస్‌లో సోమవారం తొమ్మిదిన్నరకు. బోర్డులో ముగ్గురుండాలి, వాళ్లలో ఈశ్వరరావు గారు ఒకరు. అభ్యర్థి తన ఇంట్లోనే ఉంటాడని ముందుగానే పైవాళ్లకు చెప్పి, ఆయన బయటికి వచ్చేశారు. మిగతా ఇద్దరే అడిగారు. నలభై నిమిషాలు పట్టింది.

భరద్వాజ్ కిందికి దిగి, వీధి అవతల ఫుడ్ సెంటర్‌లో ఆయన్ను వెతికి పట్టుకున్నాడు.

"వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు అంకుల్."

ఈశ్వరరావు గారు తల ఊపారు. ఆయన ముందు మూడు ఖాళీ కాఫీ కప్పులున్నాయి. ఒక్క కప్పు తాగితే ఆయనకు రెండు రాత్రులు నిద్ర పట్టదు.