ఒంటికన్ను సవతి

ఆ ఇంట్లో చొక్కా ఉతకడమంటే ముందు జేబులోంచి బల్బు తీయడం. బఠానీ గింజకి అన్నయ్యంత ఉండే బల్బు అది. ఇత్తడి అడుగు, చెరో పక్క ఒక పిన్ను, లోపలంతా మసి. ఇల్లాలు రోజూ దాన్ని తీసి కిటికీ గట్టు మీద పెట్టేది. సాయంత్రానికల్లా అది ఇంకో చొక్కా జేబులోకి దూకేది. ఐదు నెలలుగా మాత్రం గట్టు మీదే ఉండిపోయింది. ఆయన చొక్కాల్లో ఉతకాల్సింది ఒక్కటే మిగిలింది. దాన్ని ఆవిడ మేకు మీంచి తీయనే లేదు.

ఆ జేబు మనిషికి లోకంలో ఉన్నవి రెండే రకాలు: ఆ బల్బుకి సరిజోడైనవి, కానివి. అందుకే వీధంతా ఆయన్ని బల్బాయన అనేది.

ఆయనకి ఒక పాత పడవ ఉండేది. దాని కరెంటు ప్యానెల్ మీద ఆరు ఇండికేటర్ బల్బులు. ఐదు వెలిగేవి. నీళ్ళు తోడే పంపు తిరుగుతోందని చెప్పాల్సిన ఆరోది మాత్రం వెలగడం మానేసింది. అలాంటివి ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదట.

"పోయిన బల్బుని పట్టుకుని ఎందుకండీ ఈ తిరుగుడు?" అనేది ఇల్లాలు.

"పోయింది అనకే! కొండెక్కింది అను."

"మీవన్నీ ఎక్కుతుంటే ఆ కొండ మీద ఇక కరెంటుతో పనుండదు."

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళారు. నోటి నిండా దూది ఉండగా డాక్టరు యంత్రం మీది ఎర్ర లైటుకేసి వేలు చూపించి "అఅ ఎఎ ఓఓ?" అన్నారు. పాపం, నొప్పెడుతోంది కాబోలనుకుని డాక్టరు ఇంకో ఇంజెక్షను పొడిచాడు. ఆయన అడిగింది "అది ఎన్ని వోల్టులు?" అని.

ఇంకోసారి రేవు నుంచి పరుగెత్తుకొచ్చి, వీధి గుమ్మంలోంచే కేకేశారు. "ఏమేవ్! ఇవాళ అది నాకు కన్ను కొట్టిందే!"

పక్కింటావిడ చేతిలో బకెట్టు ధన్‌మని జారింది. జరిగిందేమిటంటే, ఇరవై నాలుగు వోల్టుల ప్యానెల్లో పన్నెండు వోల్టుల కారు బల్బు బిగించారు. అది ఒక్క క్షణం కొత్త పెళ్ళికూతురిలా మెరిసి కొండెక్కింది. తర్వాత మూడు రోజులు పక్కింటావిడ ఇల్లాలిని పలకరించినప్పుడల్లా గొంతు జాలిగా పెట్టింది. ఇల్లాలు వివరం చెప్పలేదు. చెప్పడానికేముంది? సవతే కదా ఆ పడవ, ఒంటికన్నుదైతే మాత్రం! తనకి జ్వరమొస్తే "మాత్ర వేసుకో" అన్న మనిషి, దానికి చెమ్మ తగులుతోందని దుప్పటి కప్పి వచ్చారు. అదీ తన కొత్త దుప్పటి.

పడవనైనా ఎలాగో భరించింది గానీ, గురువారాన్ని భరించలేకపోయింది. ఆ రోజు ఆయన గడ్డం గీసుకుని, తల దువ్వుకుని బల్బుల కొట్టుకి బయల్దేరేవారు.

"ఆరు రోజులు నాకు ముళ్ళకంప. గురువారం నాడు ఎవరికండీ ఆ నున్నన?"

"ఆ కొట్టావిడ దగ్గర పాత సరుకు బోలెడుందే. వెతకాలి."

"నాలుగేళ్ళుగానా?"

"ఓపిక ఉండాలి."

సాయంత్రం ఒళ్ళంతా దుమ్ముతో, ఈల వేసుకుంటూ వచ్చేవారు. దుమ్ముకైతే సబ్బుంది. ఆ ఈలని ఏం పెట్టి రుద్దాలో ఇల్లాలికి తెలియలేదు.

ఆయన లేని ఐదో నెలలో ఒక మెకానిక్ పడవ కొంటానని వచ్చాడు. "అంతా బాగుందమ్మా. ఆ పంపు బల్బొక్కటి పెట్టించండి, ఆదివారం తీసుకెళ్ళిపోతా."

సవతిని సాగనంపడానికి ఇంతకంటే ఏం కావాలి? గురువారం నాడు గట్టు మీది బల్బు తీసుకుని, పనిలో పనిగా కొట్టులోని ఆ రెండోదాన్ని కూడా నాలుగు దులిపి వద్దామని ఇల్లాలు బయల్దేరింది.

కొట్టావిడకి డెబ్బై ఐదేళ్ళు. కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. ఇల్లాలు మోసుకెళ్ళిన కోపాన్ని దించడానికి అక్కడ చోటే లేదు.

గోడ పొడుగునా ఆరు బీరువాలు. అయిదింటి సొరుగులకి కాగితాలు అంటించి ఉన్నాయి. ఆ వంకర అక్షరాలు ఎవరివో ఇల్లాలు గుమ్మంలోంచే పోల్చుకుంది.

"మా ఆయన పోయాక ఏది ఎక్కడుందో నాకు తెలిసేది కాదమ్మా," అంది, చేతిలోని బల్బు చూసి వచ్చిందెవరో గ్రహించిన కొట్టావిడ. "మూసేద్దామనుకున్నా. సర్దిపెడతామంటూ వచ్చినవాళ్ళని తిట్టి పంపించా. జాలి నాకు గిట్టదు. మీవారు జాలిపడలేదు, బల్బు కావాలన్నారు. వెతుక్కోమన్నా. వెతికిన మేరా సర్దుకుంటూ పోయారు."

"నాలుగేళ్ళు వెతికినా దొరకలేదా?"

"మొదటి గురువారమే దొరికింది! జేబులోది తీసి పక్కన పెట్టి చూసుకుని, చప్పుడు చేయకుండా సొరుగు మూసేశారు. 'లేదండీ, వచ్చేవారం ఇంకో అర చూస్తా' అన్నారు."

"తెలిసీ ఊరుకున్నారా?"

"నాకు తెలుసని తెలిస్తే ఇంక వస్తారా?"

కొట్టావిడ ఒక సొరుగు లాగింది. దాని మీద 'దొరకనివి' అని రాసి ఉంది. లోపల రెండు డజన్ల బల్బులు, బఠానీ గింజకి అన్నయ్యలు.

ఇల్లాలికి ఏడుపు రావాల్సిన చోట ఒళ్ళుమంట వచ్చింది. "అయిదు బీరువాలే! మంచం కింద పెట్టె సర్దమంటే నడుము నొప్పి అనేవారు!"

"ఇక్కడా అనేవారమ్మా. 'ఎందుకొచ్చిందో ఇంట్లో చెప్పలేను, చెబితే మా ఆవిడ మీ కొట్టుకి రానివ్వదు' అనేవారు."

ఇల్లాలు తన బల్బుని సొరుగులోని ఒక బల్బు పక్కన పెట్టింది. కవలపిల్లల్లా ఉన్నాయి. తలెత్తి ఆరో బీరువాకేసి చూసింది. పెట్టెల మీద పెట్టెలు, వాటి మీద సాలీళ్ళు.

"ఇది కాదండీ," అంది. "నలుసంత లావుగా ఉంది."

కొట్టావిడ కళ్ళద్దాలు సవరించుకుంది. "నాకూ అలాగే అనిపిస్తోంది."

"వచ్చే గురువారం ఆ ఆరోది చూస్తా."

"చూడు. జాలి మాత్రం పడకు."

"మీ మీదా? నాలుగేళ్ళ కడుపుమంట ఇంకా చల్లారందే!"

ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. మెకానిక్. "దొరికిందా అమ్మా బల్బు?"

"ఎక్కడ బాబూ! కొండెక్కింది ఎక్కిందే. ఓపిక ఉండాలి."

ఫోను పెట్టేసి, మసి బల్బుని మేకుకున్న చొక్కా జేబులో వేసింది. ఉతకాల్సిన బట్టలన్నీ ఒక్కొక్కటే బకెట్టులో పడ్డాయి. చొక్కా దగ్గరికొచ్చి ఆగింది. జేబులో బల్బుంది. తీయకుండా ఎలా ఉతుకుతారు?

తీయలేదు.