గుడికాడ కూర్చున్న అవ్వ

వచ్చే ఆదివారం మా మనవరాలిని చూడ్డానికి మగపెళ్లివాళ్లు వస్తున్నారు. పొద్దున అది కాఫీ గ్లాసు చేతికిచ్చి, "అమ్మమ్మా, వాళ్లొచ్చినప్పుడు నువ్వు కొంచెం లోపల రెస్ట్ తీసుకుంటావా? మాటలు స్టార్ట్ చేస్తే ఆపవు కదా," అంది. కోపం రాలేదంటే అబద్ధమే. కానీ నవ్వూ వచ్చింది, ఎందుకంటే ఒకప్పుడు ఇలాంటి మాటే నేను మా అవ్వతో అన్నాను.

అప్పట్లో నగర్తపేట సందులో రెండు గదుల ఇల్లు మాది. మా నాన్న చిన్న వయసులోనే క్రైస్తవం పుచ్చుకున్నాడు గానీ, ఆయన్ని కన్న అవ్వ పుచ్చుకోలేదు. రోజూ నొసట నిండా విభూతి పెట్టుకుని, మా ఇంటి ప్రార్థనలో మాత్రం అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది. పీణ్య ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసే అబ్బాయి సంబంధం వచ్చింది, చర్చిలో ఒక్కసారి చూసినందుకే నాకు ఆయన మీద మనసైంది. వాళ్లది మూడు తరాల విశ్వాసుల ఇల్లని విన్నాక మా ఇంట్లో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ విభూతి చూస్తే సంబంధం తప్పిపోతుందని భయపడి, ఆ ఒక్క పూటకి తుడిచెయ్యమని అవ్వని అడిగింది నేనే. అవ్వ తుడవలేదు. "గుడికాడ కూర్చోనుంటాలేమ్మా," అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

వాళ్లొచ్చారు, ప్రార్థన చేశారు, అమ్మ చేసిన ఉప్మా, మా భాషలో ఉప్పిట్టు, తిన్నారు. మా ఇంట్లో పెద్దవాళ్లెవరూ మిగల్లేదని నాన్న అంటే, మాకూ అంతేనని అబ్బాయి తండ్రి అన్నాడు, ఇద్దరూ కలిసి నిట్టూర్చారు కూడా. సరిగ్గా అప్పుడే మా అవ్వ ఇంకో ముసలామెను చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి తీసుకొచ్చింది. ఇద్దరి నొసటా విభూతే.

"నీళ్లియ్యప్పా ఈమెకి! ఎవరో పాపిష్టోళ్లు గుడికాడ ఎండలో కూర్చోబెట్టి పోయినారంట. నోరెండిపోయి ఉండాది."

అబ్బాయి తండ్రి చటుక్కున లేచి నిలబడి, "అమ్మా," అన్నాడు.

మనవడికి కాబోయే పెళ్లాన్ని చూస్తానని ఆమె పట్టుబట్టి వచ్చిందట, ఆ నొసలు మాకు కనబడకూడదని వాళ్లు గుడి దగ్గర దింపారట. ముందుగా నవ్విన వాడు పెళ్లికొడుకే. మా పెళ్లిలో అవ్వలిద్దరూ చర్చి ముందు బెంచీలో, ఆ విభూతితోనే పక్కపక్కన కూర్చున్నారు. అవ్వని క్షమించమని మాత్రం నేను ఎన్నడూ అడగలేదు, అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఈ కాలం పిల్లలకి ఒకరి సంగతులొకరికి ఫోనులోనే తెలిసిపోతాయి, ఇక దాచడానికి మిగిలింది మాలాంటి ముసలివాళ్లమే. ఆదివారం నేను లోపల పడుకోను. మా అపార్టుమెంటు గేటు దగ్గర ఒక సిమెంటు బెంచీ ఉంది, చెంబుతో నీళ్లు పెట్టుకుని అక్కడ కూర్చుంటాను. వాళ్లు కూడా ఎవరినైనా కార్లో ఉండమని వస్తారేమో.