కళ్లం మీది గాలి

2023 ఫిబ్రవరి 28, మంగళవారం, ఉదయం 6 గంటల 50 నిమిషాలు. ఎచ్చెర్లకు దక్షిణాన, సముద్రానికి ఏడు కిలోమీటర్ల ఇవతల, మూతపడిన జనపనార మిల్లు వెనక, విమానం పరుగుతీసే గ్రావెల్ బాట మీద మంచు ఇంకా విడలేదు. జ్ఞానానందం మాస్టారు రేకుల షెడ్డు తలుపులు తీసి, తన చిన్న విమానం రెక్క మీద అరచేయి ఆనించి చూశారు. చెయ్యి తడిసింది. రెక్క గుడ్డ తడిగా ఉంటే విమానం లేవదని కాదు. లేవడానికి ఎంత దూరం అదనంగా పడుతుందో ఆయనకు కచ్చితంగా తెలియదు. తెలియనిదాన్ని ఉజ్జాయింపుగా సరిపెట్టుకునే అలవాటు ఆయనకు లేదు. పొడిగుడ్డతో రెండు రెక్కలూ తుడిచి, మంచు విడిపోవడం కోసం ముక్కాలిపీట మీద కూర్చున్నారు.

ఆ రోజుతో ఆయన వైద్య ధ్రువపత్రం గడువు తీరిపోతుంది. ఎడమ కంటి లోపల, చూపు కేంద్రీకరించే చోట సన్నని పొర ఏర్పడుతోందని విశాఖపట్నంలో కంటి వైద్యుడు జనవరిలోనే చెప్పాడు. “ఇప్పటికి మీ చూపు హద్దులోనే ఉంది మాస్టారూ. వచ్చే పరీక్షకు ఉండదు.” రేపటి నుంచి విమానాన్ని తుడుచుకోవచ్చు, ఇంజను తిప్పి శబ్దం వినవచ్చు, బాట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడపవచ్చు. ఎగరకూడదు. అరవై ఆరేళ్ల మాస్టారు ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు, మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆయన భార్య దేవమణి కళ్లనీళ్లు పెట్టుకోలేదు. “మరి కళ్లం చిన్నతల్లిని ఒకసారి ఎక్కిస్తానన్న మాటో?” అని మాత్రం అడిగింది.

ఆ మాట తీర్చడానికి మిగిలింది ఈ ఒక్క పూటే. ఫిబ్రవరి నెలంతా మంచు లేని రోజున గాలి ఉండేది, గాలి లేని రోజున మంచు ఉండేది.

మాస్టారు చీపురుపల్లిలో పుట్టారు. తండ్రి బాప్టిస్టు మిషను బడిలో ఉపాధ్యాయుడు. చిన్నతనంలో రైల్వే వంతెన మీద నిలబడి, కింద వెళ్లే బొగ్గు ఇంజను పొగ ఎటు వంగుతోందో చూడడం ఆయనకు ఆట. పొగ వంగిన వైపుకు గాలి వీస్తోందనుకోవడం తప్పని, రైలు వేగాన్ని కూడా కలిపి చూడాలని తనంతట తానే కనిపెట్టిన రోజున, ఆ ఆనందం పంచుకోవడానికి ఇంట్లో ఎవరూ దొరకక, పెరట్లోని మేకకు చెప్పారట. తర్వాత రాజాంలో భౌతికశాస్త్రం లెక్చరరయ్యారు. ఎన్‌సీసీ అధికారిగా పిల్లలను విశాఖపట్నంలో ఒక శిబిరానికి తీసుకువెళ్లినప్పుడు, ఒక శిక్షకుడు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, అల్యూమినియం గొట్టాలకు గుడ్డ చుట్టినట్టున్న చిన్న విమానంలో పావుగంట తిప్పాడు. దిగిన తర్వాత మాస్టారు రెక్క కిందే నేల మీద కూర్చుండిపోయారు. పిల్లలు ఆయనకు కడుపులో తిప్పిందనుకుని నిమ్మకాయ తెచ్చారు.

కొన్నేళ్లకు జనపనార మిల్లు యజమాని సరదాకు అలాంటిదే రెండు సీట్ల విమానం కొని, మిల్లు వెనక ఐదువందల యాభై మీటర్ల బాట వేయించాడు. ఆయనతో కలిపి నలుగురు దాని చుట్టూ చేరారు. ఒకరికి పిల్లలు, ఒకరికి మోకాళ్లు, యజమానికి మిల్లు గొడవలు అడ్డం వచ్చాయి. చివరకు మిగిలింది మాస్టారు. ఊళ్లవాళ్లు దాన్ని మాస్టారి తూనీగ అనేవారు. గంటకు ఎనభై కిలోమీటర్లు దాని నడక. ఆ వేగంలో నేల పరుగెత్తదు, నింపాదిగా జరుగుతుంది. నాగావళి ఇసుకలో ఎడ్లబండి జాడలు, సముద్రం దగ్గర ఆరిన వలలు, చలికాలం ఉదయాల్లో ఐదువందల అడుగుల ఎత్తుకు కూడా అందే బెల్లం పాకం వాసన. ఆ వాసన ఏ పొలంలోని పొయ్యిదో కూడా ఆయన చెప్పగలిగేవారు. ఇప్పుడా పొయ్యిలు లేవు. ఇప్పటికీ అటు వెళ్లినప్పుడు ఆయన ఊపిరి కొంచెం ఎక్కువగా పీలుస్తారు.

ఆ బాటకు ఒక లోపం ఉంది. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ తిత్తిని షెడ్డు పక్కన కట్టారు. మిల్లు గోడకూ సరుగుడు తోటకూ మధ్య గాలి సుడి తిరుగుతుంది గనుక తిత్తి ఎటంటే అటు ఊగేది. విమానం గాలికి ఎదురుగా దిగాలి. వెన్నుగాలితో దిగితే ఆ బాట చాలదు. అసలు గాలి తెలిసేది బాటకు ఆగ్నేయపు చివర, తోటకు అవతల ఉన్న జగన్నాధం కళ్లంలో. అతని భార్య చిన్నతల్లి ముక్కాలిపీట ఎక్కి, చేటతో ధాన్యం తూర్పారబడుతుంటే, గింజలు నిటారుగా రాలి, తాలు గాలివాటున పోయేది. పై నుంచి మాస్టారికి అంతకంటే నిజమైన గుర్తు లేదు.

అయితే విమానం దగ్గరకు వచ్చేసరికి, సరిగ్గా గాలి తెలియవలసిన క్షణానికి, కళ్లంలో అందరూ చేటలు దించి తలలెత్తేవారు. తాలు ఆగిపోయేది. 2002 సంక్రాంతి దాటిన వారంలో మాస్టారు సైకిలు మీద కళ్లానికి వెళ్లారు.

“నేను వస్తున్నప్పుడు చేట ఆపకండమ్మా. మీరు ఆపేస్తే నాకు గాలి తెలియడం లేదు.”

“ఏటి బాబూ, నెత్తి మీంచి ఇమానమెల్తంటే సేట తిప్పుతూ ఉండిపోతామేటి? సూడమా?” అంది చిన్నతల్లి.

“నువ్వు సూసినా సూడకపోయినా అది పడితే నీ నెత్తి మీదే పడతాది,” అన్నాడు జగన్నాధం.

“పడితే పడనీ. నీ నెత్తి మీద పడితే అది ఇరిగిపోతాది పాపం.” ఆమె మాస్టారి వైపు తిరిగింది. “అయితే బాబూ, నాను తల దించీసుకుని ఎత్తుతాను. నువ్వెల్లిపోయినాక సూస్తాను.”

అన్నట్టే చేసింది. ఇంజను చప్పుడు వినపడగానే పీట ఎక్కి, చూపు చేట మీదే నిలిపి, తాలు ఎత్తి పోసేది. కోతలు లేని రోజుల కోసం ఒక గోనె నిండా తాలు పాకలో వేరుగా కట్టి ఉంచింది. కోత యంత్రాలు వచ్చి వరి కళ్లాలు మాయమైనా, మినుములూ పెసలూ చేటకే మిగిలాయి. గోనె సంచీ నిండుతూనే ఉంది. విమానం ఆమె తల మీదుగా దాటి సరుగుడు తోట వెనక్కి వెళ్లేదాకా ఆమె చూపు ఎత్తదు. ఎత్తేసరికి కనిపించేది తోక మాత్రమే.

“ఇన్నేళ్లయినా నీ ఇమానం కడుపు నాను సూడలేదు బాబూ,” అందొకసారి. “ఒక పాలి నన్ను ఎక్కించు. నా తాలు పైనుంచి ఎలగ అవుపిస్తాదో సూడాల.”

మాస్టారు తప్పకుండా అన్నారు. కానీ ఆయన ఎగిరేది గాలి లేని తెల్లవారుజామున. ఆమెకు అది కోతల వేళ. ఆయన దిగేసరికి గాలి లేచేది; ఆమెకు అది తూర్పార వేళ. ఇద్దరి రోజులూ ఒకే గాలి మీద నడిచినా, వేళలు ఎన్నడూ కలవలేదు. ఒక ఏడాది ఇంజను విప్పి ఉంది. ఒక ఏడాది తుఫాను షెడ్డు రేకులు లేపుకుపోయింది. మాట అలాగే ఉండిపోయింది.

ఎనిమిది దాటుతుండగా మంచు పలచబడింది. చిన్నతల్లి కుటుంబం గట్టు మీద వస్తూ కనిపించింది. నేత చీరను గోచీ పోసి బిగించి, తల మీద తువ్వాలు చుట్టింది. వెనక జగన్నాధం. కోడలు భారతి కళ్లంలోనే ఆగిపోయింది. ఇవాళ చేట ఆమె చేతిలో.

“నిన్న నన్ను ధాన్యం కాటా మీద నిలబెట్టినాడు బాబు,” అని చిన్నతల్లి, ఫ్లాస్కుతో అప్పుడే వచ్చిన దేవమణితో నవ్వుతూ ఫిర్యాదు చేసింది. “నలబై నాలుగు కిలోలంట. సంచీ కూడా నిండను.”

“బరువు తెలియకపోతే ఆయన ఇంధనం పోయరు,” అంది దేవమణి, ఆమె చెవుల్లో దూది పెడుతూ. “నన్ను పెళ్లిచూపుల్లోనూ అడిగారు.”

“అడగలేదు,” అన్నారు మాస్టారు. “అంచనా వేశాను.”

“బెదురుతున్నావేటే?” అని జగన్నాధం భార్యను అడిగాడు.

“నీతో సంసారం సేసినాక ఇంకేటికి బెదురుతాను?”

మాస్టారు ఆమెను సీట్లో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, ఇంజను చప్పుడులోనూ ఒకరి మాట ఒకరికి వినిపించే గొట్టం చెవులకు అమర్చారు. పెట్రోలు, నూనె, రెక్కల కీళ్లు, చక్రాలు మరొకసారి చూశారు. విశాఖపట్నంలోని విమాన నియంత్రణ కేంద్రానికి ఫోను చేసి బయలుదేరుతున్నట్టు చెప్పారు. రాత్రంతా నేల నుంచి సముద్రం వైపు వీచే గాలి ఇంకా వాయవ్యం నుంచి పలచగా వస్తోంది. అటే పరుగు తీసి, 8 గంటల 31 నిమిషాలకు విమానం నేల విడిచింది.

మొదటి ఐదు నిమిషాలూ చిన్నతల్లి కుడిచేత్తో సీటు పక్క గొట్టాన్ని, ఎడమచేత్తో మాస్టారి చొక్కా అంచును పట్టుకునే ఉంది. నాగావళి వచ్చాక అంచు వదిలింది.

“ఇదేటి బాబూ, ఏరు ఇంత వంకరుందా?”

“వంకరే. నడిస్తే తెలియదు.”

“సెప్పులు సేత పట్టుకుని ఇన్నేళ్లు దాటినాను దాన్ని.” కొంతసేపటికి మళ్లీ అంది: “ఈ ఊళ్లన్నీ ఇంత దగ్గరగా ఉండి, పెళ్లిసంబంధాలకి అంత దూరం తిరుగుతారేటి?”

ఆయన సముద్రపు అంచు వరకు తీసుకువెళ్లి తిప్పారు. తిప్పుతున్నప్పుడే చెక్కిలికి చల్లదనం తగిలింది. నీటి మీద చిన్న ముడతలు ఒడ్డు వైపు నడుస్తున్నాయి. సముద్రపు గాలి మామూలు కంటే ముందే లేచింది. అది బాట దాకా చేరిందా లేదా అన్నది ఇక్కడి నుంచి తేలదు. చేరకపోతే ఆగ్నేయం వైపు నుంచి, కళ్లం మీదుగా దిగాలి. చేరి ఉంటే అది వెన్నుగాలి. అవతలి చివరకు తిరిగి వెళ్లి దిగాలి. ఎడమ కన్ను నేల లోతును మునుపటిలా చెప్పడం లేదని ఆయనకు తెలుసు. ఇప్పుడు ఊహ మీద దిగడానికి లేదు. పక్కన మనిషి ఉంది.

కళ్లం కనిపించింది. పీట మీద భారతి నిలబడి ఉంది. చేట ఆమె నడుము దగ్గరే ఉంది. మొహం ఆకాశం వైపు ఉంది.

“ఎత్తు,” అంది చిన్నతల్లి, చెవి గొట్టంలో మాస్టారి చెవి దిమ్మెత్తేలా. “ఎత్తవే గుంటా. సేట ఎత్తమంటే నోరెలబెట్టి సూస్తన్నాదేటి ఇది. ఒసే భారతీ, తల దించు. ఎన్ని పాళ్లు సెప్పినాను దీనికి.”

“ఆమెకు వినపడదమ్మా.”

“ఇనపడకపోతే బుద్ధుండొద్దేటి?”

మాస్టారు వేగం పెంచి, దిగకుండా కళ్లం మీదుగా సాగి, చుట్టూ తిప్పుకొని వచ్చారు. రెండోసారి వచ్చేసరికి కింద జగన్నాధం కళ్లం దాకా పరుగెత్తాడేమో, చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు. భారతి తల దించింది. చేట లేచింది.

తాలు గోరంత పసుపు మరకలా గాలిలో తెరుచుకుని, విమానం వెళ్లే వైపుకే, వాయవ్యానికి జరిగి, చెదిరిపోయింది. సముద్రపు గాలి వచ్చేసింది.

“తెలిసింది,” అన్నారు మాస్టారు. విమానం ముక్కు పైకెత్తి, అవతలి చివరకు మళ్లారు.

చిన్నతల్లి మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉంది.

“ఇంతేనా బాబూ నీకు అవుపించేది?”

“ఇంతే.”

“ఈ గోరంతేనా?”

“అదే సరిపోయేదమ్మా.”

సరుగుడు తోట రెక్క కింద జరిగిపోయింది.

“ముందే సెప్పుంటే పెద్ద సేట కొందును,” అంది.

వాయవ్యపు చివర నుంచి, గాలికి ఎదురుగా, నిదానంగా దిగారు. ఎడమ కంటిని నమ్మకుండా కుడి కంటితో బాట అంచును పట్టుకుని, ఇంజను తగ్గించి, నేల తనంతట తాను వచ్చేదాకా ఆగారు. చక్రాలు ఒకసారి తగిలి, మళ్లీ తగిలి, గ్రావెల్ మీద పరుగు తీశాయి. షెడ్డుకు ఇంకా నూటయాభై మీటర్లు ఉండగానే విమానం ఆగింది.

“దిగిపోయినామేటి?” అంది చిన్నతల్లి, కొంచెం నిరాశగా.

పట్టీలు విప్పగానే ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, ముందుకు నడిచి, వంగి విమానం కడుపును చూసింది. ఆయాసపడుతూ వచ్చిన జగన్నాధం అడిగాడు.

“ఏటే, ఏటేటి సూసినావు?”

“పైనుంచి సూస్తే నీ కంటే మన గేదె పెద్దగా ఉన్నాది.”

“గేదె ఎప్పుడూ పెద్దదే.”

“అదే అంటన్నాను.” ఆమె కళ్లం వైపు చూసి గొంతు పెంచింది. “ఒసే భారతీ, ఉండు, నానొస్తన్నాను.”

వాళ్లు వెళ్లాక దేవమణి ఫ్లాస్కు మూత విప్పి టీ పోసింది. ఆకాశం శుభ్రంగా ఉంది. గాలి నిలకడగా, ఒకే దిక్కు నుంచి వస్తోంది. అనుమతి సాయంత్రం వరకు ఉంది. ఇంధనం సగం మిగిలింది. దేవమణి టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, తాను కూడా బాట వైపే చూస్తూ నిలబడింది. మాస్టారు టీ తాగడం పూర్తిచేశారు. ఇంధనపు కవాటం మూసి, అది బిగిసిందో లేదో వేలితో తిప్పి చూశారు. విశాఖపట్నానికి ఫోను చేశారు.

“దిగాం. ఇద్దరం క్షేమం,” అన్నారు.

“మళ్లీ సాయంత్రం ఎగురుతారా మాస్టారూ?” అని అడిగాడు అవతలి వ్యక్తి.

ఆయన ఒకసారి రెక్క వైపు చూశారు. గుడ్డ పూర్తిగా ఆరిపోయింది.

“లేదు. ముగిసినట్టు రాసుకోండి.”

“గాలిలో ఎంతసేపు ఉన్నారు?”

“ఇరవై నాలుగు నిమిషాలు.”